నాలుగు వందల కొలువులు, పది లక్షల కుళ్లిన డబ్బాలు

కొలువుల కోసం కొట్లాడిన నేల మనది. 1969 నాటి ముల్కీ హక్కుల కాడి నుంచి 'నీళ్లు, నిధులు, నియామకాలు' దాకా మన ఉద్యమంలో కొలువు మాట లేని రోజు లేదు. అందుకే ఎవరైనా వచ్చి 'మీ దిక్కు నాలుగు వందల మందికి పని పోతుంది' అంటే మన గొంతులో మాట ఆగిపోతుంది. అవతల ఎంత తప్పు జరుగుతున్నా సరే, కాస్త చూసీ చూడనట్టు పోదామనిపిస్తుంది. మన ఈ మెత్తదనం మనకన్నా కంపెనీలకే బాగా తెలుసు.

వెనుకబడిన ప్రాంతం మీద కంపెనీలు ఒలకబోసే ప్రేమ ఎట్లుంటుందో, ఆ ప్రేమకు లొంగిన మంత్రి చివరికి ఎవరిని ముంచుతాడో చెప్పే కథ ఒకటుంది. మన దేశపు కథ కాదు. 1985లో, అంటే మన దగ్గర 610 జీవో వచ్చిన ఏడాదే, కెనడాలో డబ్బా చేపల మీద జరిగింది. అక్కడి రాజకీయాల్లో దానికి 'ట్యూనాగేట్' అని పేరు. అమెరికాలో నిక్సన్‌ను గద్దె దించిన వాటర్‌గేట్‌కు తోకగా పుట్టిన పేర్లలో అదొకటి. చేపల సంగతి మనకెందుకంటారా? ప్రాంతం పేరు చెప్పి కుళ్లు సరుకును ఎట్లా దాటిస్తారో, స్వరాష్ట్రం కోసం కొట్లాడినవాళ్లకే అందరికన్నా ముందు తెలిసి ఉండాలి.

కెనడా తూర్పు కొసన, అట్లాంటిక్ సముద్రం ఒడ్డున న్యూ బ్రన్స్‌విక్ అనే రాష్ట్రముంది. వాళ్ల భాషలో ప్రావిన్స్. పెట్టుబడి అంతా టొరంటో, మాంట్రియల్ దిక్కు పోగుపడితే ఈ తీరానికి కలప, చేపలు, వలసలు మిగిలాయి. ధనిక రాష్ట్రాలతో సమానంగా సేవలు నడుపుకోవడానికి కేంద్రం 1957 నుంచి ఇస్తున్న సర్దుబాటు నిధుల మీద ఆధారపడిన రాష్ట్రాల్లో ఇదీ ఒకటి. ఇట్లాంటి చోట సెయింట్ ఆండ్రూస్ అనే చిన్న ఊరి దగ్గర స్టార్-కిస్ట్ కంపెనీకి ట్యూనా చేపలను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ ఉండేది. దాదాపు 400 మంది పనిచేసేవాళ్లు. చిన్న ఊళ్లో 400 కొలువులంటే ఊరికి ఊరే దాని మీద బతికినట్టు. కంపెనీ యజమాని మాత్రం అక్కడోడు కాదు. అమెరికాకు చెందిన హైంజ్ కంపెనీది అది. మన కిరాణా కొట్లలో టమాటా సాసు సీసా మీద కనిపించే హైంజే.

డబ్బా చేప మన వంటింటి వస్తువు కాదు. మనకు చేపంటే కొర్రమీను, రవ్వ, బొచ్చె. లేదంటే ఎండు చేపలు. మృగశిర కార్తె నాడు చేప కొనే ముసలవ్వను చూడండి. మొప్ప లేపి ఎరుపు చూస్తుంది. కన్ను చూస్తుంది. వేలితో నొక్కి మాంసం లేస్తుందా, గుంట పడుతుందా చూస్తుంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తుంది. ఆ తర్వాతే బేరం. ఆమెకు చట్టం అక్కర్లేదు, ఇన్‌స్పెక్టరూ అక్కర్లేదు. డబ్బా వచ్చిందంటే ఈ తెలివంతా వృథా. రేకు మూత బిగిసిన తర్వాత కొనేవాడి కన్ను, ముక్కు, వేలు మూడూ పనికిరావు. మూత మీది బొమ్మను నమ్మి కొనాల్సిందే. అందుకే జనం తరపున సర్కారు తన ముక్కు పెట్టాలి. ఆ ముక్కే చేపల ఇన్‌స్పెక్టర్.

ఇది ఎగతాళిగా అంటున్న మాట కాదు. డబ్బా చేపలను పరీక్షించడంలో వాసన చూడడం నేటికీ గుర్తింపు ఉన్న పద్ధతి. దానికోసం మనుషులకు ప్రత్యేకంగా తర్ఫీదు ఇస్తారు. ఒక సరుకులో నుంచి లెక్క ప్రకారం కొన్ని డబ్బాలు తీసి, కోసి, రంగు చూసి, వాసన చూసి, నూనె ముక్కిపోయిందా, మాంసం కుళ్లిందా తేలుస్తారు. యంత్రాల పరీక్ష దానికి తోడు.

ట్యూనా విషయంలో ఈ జాగ్రత్తకు ఇంకో కారణం కూడా ఉంది. ట్యూనా ఎక్కువగా వేడి సముద్రాల చేప. పట్టిన పడవ నుంచి ఫ్యాక్టరీ దాకా ఎక్కడ చల్లదనం తప్పినా చెడిపోతుంది. దాని మాంసంలో హిస్టిడిన్ అనే పదార్థం సహజంగానే ఎక్కువ. చల్లదనం తప్పితే సూక్ష్మజీవులు దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. అది ఎక్కువైన చేప తింటే ముఖం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, దద్దుర్లు లేస్తాయి, వాంతులవుతాయి. 'డబ్బాను ఆవిరిలో ఉడికిస్తారు కదా, అన్నీ చస్తాయి కదా' అని అడిగేవాళ్లుంటారు. ఉడికిస్తే క్రిములు చస్తాయి. హిస్టమిన్ చావదు. కుళ్లిన తర్వాత ఉడికించిన చేప ఉడికిన కుళ్లే. అందుకే అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణాల్లో కిలో చేపకు 100 మిల్లీగ్రాముల హిస్టమిన్ సగటు దాటితే అది కుళ్లుకు గుర్తు అని, 200 దాటితే అసలు కుదరదని గీత గీశారు.

సెయింట్ ఆండ్రూస్ ఫ్యాక్టరీ సరుకును చూసిన ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు అందులో కొంత మనుషులు తినడానికి పనికిరాదని తేల్చారు. ముక్కిపోయింది, కుళ్లింది అన్నారు. దాదాపు పది లక్షల డబ్బాలు. సరుకు ఆగిపోయింది. చట్టం చేయాల్సిన పని చట్టం చేసింది.

ఇక అక్కడి నుంచి కంపెనీ పని మొదలైంది. సరుకు మంచిదని నిరూపించడం కష్టం. కొలువులు పోతాయని చెప్పడం సులువు. డబ్బాలు ఆగితే ఫ్యాక్టరీ నడవదు, ఫ్యాక్టరీ నడవకపోతే వెనుకబడిన ప్రాంతంలో 400 కుటుంబాలు ఆగమవుతాయి అన్న మాట మంత్రి దాకా పోయింది. అప్పటి చేపల శాఖ మంత్రి జాన్ ఫ్రేజర్. అధికారుల మాటను పక్కనబెట్టి 1985 ఏప్రిల్‌లో ఆ డబ్బాలను మార్కెట్‌లోకి వదలమని ఆదేశించాడు. డబ్బాలు దుకాణాలకు పోయాయి. జనం కొన్నారు. పిల్లల బడి డబ్బాల్లోకి సాండ్‌విచ్‌లుగా పోయాయి.

ఫ్రేజర్ దొంగ కాదు. లంచం మాట ఈ కథలో లేదు. పర్యావరణం అంటే పట్టింపు ఉన్నవాడని పేరు, అంతకుముందు పర్యావరణ మంత్రిగా కూడా పనిచేశాడు. మంచివాడని పేరున్న మనిషి, కొలువుల మీద దయ చూపిస్తున్నానని నమ్మి చేసిన పని ఇది. అందుకే దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. లంచగొండిని జైలుకు పంపవచ్చు. దయగల మంత్రి ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టర్ ఏం చేయాలి?

మంత్రి వాదన ఒకటుంది. బయట పరీక్షలు చేయించాను, ఈ చేప వల్ల ఆరోగ్యానికి హాని లేదు, రుచిలో, వాసనలో తేడా ఉందంతే అన్నాడు. వినడానికి సబబుగానే ఉంటుంది. ఆ డబ్బాలు తిని ఎవరూ చావలేదు కూడా. కానీ ఈ వాదన ఆహార చట్టాల పునాదినే తవ్వుతుంది. అమెరికా 1906లో తెచ్చిన ఆహార చట్టంలోనే ఒక మాట స్పష్టంగా రాసుకున్నారు. మురికి, కుళ్లు, చీకుడు పదార్థం ఏ కొంచెమున్నా ఆ ఆహారం కల్తీదే. తింటే రోగం వస్తుందని సర్కారు నిరూపించనక్కర్లేదు. ఆ చట్టం కింద కేసు వ్యాపారి మీద కాకుండా నేరుగా సరుకు మీదే నడిపేవాళ్లు. 'అమెరికా ప్రభుత్వం వర్సెస్ ఇన్ని పెట్టెల సాల్మన్ చేప డబ్బాలు' అన్నట్టుంటాయి ఆ కేసుల పేర్లు. ముద్దాయి చేప! నవ్వొస్తుంది గానీ అందులో తెలివి ఉంది. యజమాని మంచోడా చెడ్డోడా, తెలిసి చేశాడా తెలియక చేశాడా అన్న పంచాయితీ పెట్టుకోకుండా, చెడిన సరుకును ముందు జనం నోటికి అందకుండా చేయడం ఒక్కటే అక్కడి పని.

మన 1954 నాటి కల్తీ నిరోధక చట్టం కూడా దాదాపు అవే మాటలు వాడింది. మురికి, కుళ్లు, పురుగులు పట్టడం లాంటివి వరుసగా చెప్పి, చివర 'లేదా తినడానికి మరోరకంగా పనికిరానిది' అంది. దాని మీద ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ నడిపిన జీడిపప్పు కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. పప్పులో పురుగులు ఉన్నాయి సరే, తినడానికి పనికిరాదని కూడా రుజువు చేయాలి కదా అని వ్యాపారుల వాదన. 1976లో కోర్టు ఆ వాదనకు కొంత చోటిచ్చింది. 1979లో మరో జీడిపప్పు కేసులో దాన్ని సరిదిద్దింది. ఆ 'లేదా' అనే మాటకు విలువుంది, పురుగు పట్టిందని తేలితే చాలు అంది. ఫ్రేజర్ వాదనకు మన కోర్టు, ఆయన ఆ మాట అనడానికి ఆరేళ్ల ముందే జవాబు చెప్పిందన్నమాట. కుళ్లిందా లేదా అన్నదే ప్రశ్న. ఎంతమంది మంచం పట్టారన్నది కాదు.

ఏప్రిల్‌లో వదిలిన డబ్బాల గుట్టు సెప్టెంబర్ దాకా బయటకు రాలేదు. 1985 సెప్టెంబర్ 17న ఆ దేశ ప్రభుత్వ రంగ టీవీ సీబీసీ తన 'ఫిఫ్త్ ఎస్టేట్' కార్యక్రమంలో మొత్తం బయటపెట్టింది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే టీవీ, ప్రభుత్వ మంత్రిని నిలదీసింది. మన దూరదర్శన్‌ను తలుచుకుని నిట్టూర్చడం తప్ప ఏం చేస్తాం. పార్లమెంటు దద్దరిల్లింది. ముందు మంత్రి తన నిర్ణయాన్ని సమర్థించుకున్నాడు. తర్వాత ప్రభుత్వమే డబ్బాలను దుకాణాల నుంచి వెనక్కి రప్పించాల్సి వచ్చింది. ప్రధాని బ్రయాన్ మల్రోనీకి ఈ సంగతి ఎప్పుడు తెలిసింది అన్న దగ్గర ప్రధాని మాట ఒకటి, మంత్రి మాట ఒకటి అయింది. 282 సీట్లలో 211 గెలిచి గద్దెనెక్కి ఏడాది తిరిగిన ప్రభుత్వం చేపల డబ్బా దగ్గర తడబడింది. సెప్టెంబర్ 23న ఫ్రేజర్ రాజీనామా చేశాడు.

ఇదంతా పేపర్ల వాళ్లకు పండుగ. అసలు కథ ఫ్యాక్టరీ దగ్గర ఉంది.

స్టార్-కిస్ట్ పేరు వింటేనే కెనడా జనం ముఖం తిప్పుకున్నారు. ఏ డబ్బా మంచిదో, ఏ డబ్బా మంత్రి వదిలిందో కొనేవాడికి తెలియదు కదా. అందుకని ఏదీ కొనలేదు. ఆ దేశపు ట్యూనా మార్కెట్‌లో పెద్ద వాటా ఉన్న కంపెనీ అమ్మకాలు కుప్పకూలాయి. సెయింట్ ఆండ్రూస్ ఫ్యాక్టరీ ఆగిపోయింది. ఎవరి పేరు చెప్పి డబ్బాలు వదిలారో ఆ 400 మందే రోడ్డున పడ్డారు.

లెక్క వేసి చూడండి. ఏప్రిల్‌లో ఇన్‌స్పెక్టర్ మాట నిలబడి ఉంటే పోయేది పది లక్షల డబ్బాల ఖరీదు. అది హైంజ్ ఖాతాలోంచి పోయేది. ఆ కంపెనీకి అదొక లెక్కే కాదు. చెడిన చేప ఎక్కడి నుంచి వచ్చిందో, చల్లదనం ఎక్కడ తప్పిందో చూసుకుని, రేపటి సరుకు సరిగ్గా చేసుకునేవాళ్లు. 'మా సరుకును సర్కారు పరీక్షించి వదులుతుంది' అన్న నమ్మకం జనంలో నిలిచేది. ఆ నమ్మకమే ఆ కార్మికుల అసలు పెట్టుబడి. ఇన్‌స్పెక్టర్ వాళ్ల కొలువుకు శత్రువు కాదు, కాపలాదారు. మంత్రి ఆ కాపలాదారుణ్ణి పక్కకు నెట్టాడు. సరుకును ఆపితే నష్టం కంపెనీది, వదిలితే నష్టం కార్మికుడిది అన్న సంగతి ఆ తీరంలో ఎవరూ కార్మికులకు చెప్పలేదు. వాళ్ల తరపున మాట్లాడుతున్నామన్న నాయకులంతా కంపెనీ చీటీనే చదివారు.

ఎవరికి ఏం దక్కిందో కూడా చూడాలి. ఫ్రేజర్ ఏడాది దాటగానే కోలుకున్నాడు. 1986 సెప్టెంబర్ 30న కెనడా పార్లమెంటు మొదటిసారి రహస్య ఓటుతో స్పీకర్‌ను ఎన్నుకుంటే గెలిచింది ఆయనే. ఆ కుర్చీలో ఏడేళ్లకు పైగా కూర్చున్నాడు. మంచి స్పీకరని పేరూ తెచ్చుకున్నాడు. 2024లో చనిపోయాడు. హైంజ్ 2002లో స్టార్-కిస్ట్‌ను డెల్ మాంటేకు అమ్ముకుంది. 2008లో అది కొరియా వాళ్ల చేతికి పోయింది. ఇతర కంపెనీలతో కుమ్మక్కై ట్యూనా ధరలు పెంచిన కేసులో అదే స్టార్-కిస్ట్ 2018లో అమెరికాలో నేరం ఒప్పుకుంది, 10 కోట్ల డాలర్ల జరిమానా పడింది. జనం నోటి దగ్గర వ్యాపారం చేసేవాళ్ల గుణం దేశం మారితే మారదు. మంత్రి కోలుకున్నాడు, కంపెనీ చేతులు మారి బతికింది. సరుకును ఆపిన ఇన్‌స్పెక్టర్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

జబ్బు మనిషిలో కాదు, ఏర్పాటులో ఉంది. అప్పుడు కెనడాలో చేపల పరిశ్రమను పెంచాల్సింది చేపల శాఖే, చేపలను తనిఖీ చేయాల్సిందీ చేపల శాఖే. ఒకే మంత్రి పొద్దున కంపెనీలతో పెట్టుబడుల మాట, సాయంత్రం జప్తు మాట మాట్లాడాలి. పొద్దటి పనికి చప్పట్లు, సాయంత్రం పనికి తిట్లు. ఏ పని వెనక్కి పోతుందో చెప్పనక్కర్లేదు. 1997లో ఆ దేశం తనిఖీలన్నీ కలిపి వేరే ఏజెన్సీ పెట్టింది. దాన్ని కూడా ముందు వ్యవసాయ మంత్రి కింద ఉంచి, 2013లో గానీ ఆరోగ్య మంత్రి కిందికి మార్చలేదు. పాత చేపల తనిఖీ చట్టం పోయి కొత్త ఆహార చట్టం అమలులోకి వచ్చింది 2019లో. గుణపాఠం నేర్వడానికి అంత పెద్ద దేశానికీ ముప్పై ఏళ్లు పట్టింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. 'వెనుకబడిన ప్రాంతానికి పరిశ్రమ' అనే మాట మనకు కొత్త కాదు. ఆ మాట మీదే పటాన్‌చెరు, బొల్లారం వచ్చాయి. మెదక్ జిల్లా వెనుకబడిందన్నారు, రాయితీలు ఇచ్చారు, మందుల ఫ్యాక్టరీలు తెచ్చారు. నక్కవాగు విషమైంది. ఎవుసం పోయింది, బోర్లలో రంగు నీళ్లు వచ్చాయి. 1990లో ఆ గోడు సుప్రీంకోర్టుకు ఎక్కింది. నీళ్లు పాడైన ఊళ్లు అడిగినప్పుడల్లా వచ్చిన జవాబు, ఫ్యాక్టరీలు మూస్తే కొలువులు పోతాయని. సెయింట్ ఆండ్రూస్‌లో చదివిన చీటీ, పటాన్‌చెరులో చదివిన చీటీ ఒకటే.

తిండి విషయంలో మనకిప్పుడు ఉన్నది 2006 నాటి ఆహార భద్రత చట్టం. 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉంది. 1954 చట్టాన్ని ఇది మింగేసింది. సెక్షన్ 38 కింద ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అనుమానం ఉన్న సరుకును జప్తు చేయొచ్చు, శాంపిల్ తీయొచ్చు. అయితే జప్తు చేసిన సరుకును ఎక్కడ పెడతారు? బాండు రాయించుకుని ఆ వ్యాపారి గోదాములోనే ఉంచే వెసులుబాటు అదే సెక్షన్‌లో ఉంది. ఫుడ్ అనలిస్టు నివేదికకు గడువు 14 రోజులు. ఆపైన అప్పీలుకు 30 రోజులు. డబ్బా చేప అయితే అన్ని రోజులూ అట్లనే ఉంటుంది, పచ్చి చేప ఏమవుతుందో మీకు తెలుసు. ఇంకో సెక్షన్ 39 ఉంది. సరైన కారణం లేకుండా, వేధించడానికి జప్తు చేసిన అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా. వేధింపులు ఉన్నాయి, చిన్న హోటల్ వాడి దగ్గర మామూళ్లు గుంజేవాళ్లూ ఉన్నారు, కాబట్టి ఆ సెక్షన్ ఉండాల్సిందే. అధికారి మీద తప్పుడు ఫిర్యాదు చేసినవాడికీ శిక్ష రాశారు. కానీ చెడిన సరుకును వదిలేయమని పై నుంచి ఫోన్ చేసినవాడికి ఆ సెక్షన్‌లో శిక్ష లేదు. ఆపినందుకు అధికారి చేతి నుంచి లక్ష పోవచ్చు. వదిలినందుకు ఏమీ పోదు.

మరో మెలిక కూడా ఉంది. పాత చట్టంలో కుళ్లు ఉంటే చాలు కల్తీ అన్నారు. కొత్త చట్టం 'అన్‌సేఫ్' అనే మాటను ఆరోగ్యానికి హాని అన్న దానితో ముడిపెట్టింది. అంతవరకు రాని సరుకు 'సబ్‌స్టాండర్డ్' కింద పోతుంది. దానికి జైలు లేదు, గరిష్ఠంగా 5 లక్షల జరిమానా. పెద్ద కంపెనీకి 5 లక్షలంటే ఒక పూట ప్రకటన ఖర్చు. 'వాసన తేడా అంతే, హాని లేదు' అన్న ఫ్రేజర్ వాదనకు మన చట్టమే కుర్చీ వేసినట్టుంది. న్యాయశాస్త్రం చదివే మన విద్యార్థులు దీని మీద కూర్చుని రాయాలి.

చేపల సంగతే చూస్తే, 2018 జూన్‌లో కేరళ సర్కారు 'ఆపరేషన్ సాగర్ రాణి' పేరుతో సరిహద్దు చెక్‌పోస్టుల దగ్గర ఫార్మాలిన్ పూసిన చేపలను వేల కిలోల కొద్దీ పట్టుకుంది. శవాలు చెడకుండా వాడే మందు అది. నిమిషాల్లో దాన్ని పట్టే కాగితపు పట్టీని కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ అప్పటికే తయారుచేసింది. మరుసటి నెలలో అస్సాం సర్కారు ఫార్మాలిన్ దొరికిందని ఆంధ్రప్రదేశ్ సహా బయటి రాష్ట్రాల చేపలను పది రోజులు ఆపేసింది. అప్పుడు మన దిక్కున కొందరు లోలోపల సంబరపడ్డారు. ఆంధ్రా చేప కదా అని. ఆ సంబరం సోయి లేనిది. హైదరాబాద్ రాంనగర్ మార్కెట్‌లో దిగే చేపలోనూ ఆ ఆంధ్రా చేప ఉంది. పైగా ఇప్పుడు మనమూ చేపల రాష్ట్రమే. 2016-17 నుంచి చెరువుల్లో సర్కారు చేప పిల్లలను వదులుతున్నది. ముదిరాజ్, గంగపుత్ర బిడ్డలు వాటి మీద ఆశ పెట్టుకున్నారు. రేపు మన చెరువు చేపనే ఏ రాష్ట్రమో ఆపితే మనం ఏమంటాం? ఇది తెలంగాణ మీద కుట్ర అంటామా, మన ఐస్ ఎక్కడ తక్కువైందో, మధ్య దళారీ ఏం పూశాడో చూసుకుంటామా? మొదటి మాట అనడానికి అసెంబ్లీలో గొంతులకు కొదవ లేదు. రెండో మాట అంటేనే చెరువు మీద బతికేవాడి బువ్వ నిలబడుతుంది.

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఫైలు మీద సంతకం పెట్టే చేయి మనదైంది. మంత్రి మనోడే, కంపెనీ కోసం ఫోన్ చేసే ఎమ్మెల్యే మనోడే, ఆపిన అధికారీ మనోడే. ఆంధ్రా పాలకుల మీద నెపం పెట్టే వీలు లేదు. 2024 ఏప్రిల్ నుంచి ఫుడ్ సేఫ్టీ కమిషనరేట్ బృందాలు హైదరాబాద్ హోటళ్ల మీద పడి, కాలం చెల్లిన సరుకును, బూజు పట్టిన సరుకును ఫొటోలు తీసి జనానికి చూపించాయి. మంచిదే. హోటళ్లోళ్లు గగ్గోలు పెట్టారు, అదీ మంచిదే. ఫొటో చూసిన తర్వాత ఆ సరుకు ఏమైంది, శాంపిల్ ఏం చెప్పింది, కేసు ఎక్కడిదాకా వచ్చింది అన్నది ఫొటో అంత జోరుగా బయటకు రాదు.

పనిచేసే చేతులు ఎన్ని అన్నది ఇంకో ప్రశ్న. 2022లో టీఎస్‌పీఎస్సీ నోటిఫికేషన్ ఇచ్చిన ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ పోస్టులు 24. 2011 లెక్కల ప్రకారమే మూడున్నర కోట్ల జనం. నియామకాల కోసం కొట్లాడినవాళ్లు అడగాల్సిన కొలువుల్లో ఇవి ముందుండాలి. కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, ఫుడ్ టెక్నాలజీ చదివిన పిల్లలు యూనివర్సిటీల్లో ఖాళీగా తిరుగుతున్నారు. ఒక్క ఆఫీసర్‌ను పెట్టడమంటే ఒక్క కొలువు ఇవ్వడమే కాదు, అతను కాపలా కాసే ప్రతి ఫ్యాక్టరీలో కొలువులను నిలబెట్టడం. ఉద్యోగ సంఘాలు పీఆర్సీ, డీఏల కోసం కొట్లాడినంత గట్టిగా, జప్తు చేసిన అధికారికి రాత్రికి రాత్రి బదిలీ పడకుండా కొట్లాడాలి. సరుకును విడిపించే ఏ ఆదేశమైనా కాగితం మీద ఉండాలి, పేరు ఉండాలి, సంతకం ఉండాలి, శాఖ వెబ్‌సైట్‌లో కనబడాలి. ఫోన్ మీద వచ్చిన ఆదేశం ఆదేశమే కాదని జీవో ఇవ్వడానికి ఖజానా నుంచి ఒక్క పైసా ఖర్చు కాదు.

జీవో వచ్చేదాకా ఆగనక్కర్లేదు. విద్యార్థి సంఘాలు ప్రతి జిల్లాలో ఒక సమాచార హక్కు దరఖాస్తు వేయొచ్చు. గత మూడేళ్లలో ఎంత సరుకు జప్తయింది, ఎక్కడ దాచారు, ఎన్ని శాంపిళ్లు ల్యాబ్‌కు పోయాయి, ఎన్ని నివేదికలు 14 రోజుల్లో వచ్చాయి, ఎంత సరుకు ధ్వంసం చేశారు, ఎంత విడిచిపెట్టారు, విడిచిపెట్టమని రాసింది ఎవరు. జిల్లా ఆఫీసులో వేస్తే రుసుము పది రూపాయలు. జవాబు ఇవ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువు. వచ్చిన జవాబులు ఈ పత్రికకు పంపండి, అచ్చేస్తాం.